పదిమందిలో పాము చావదా?

మొన్న ఎండాకాలంలో మా ఊళ్లో కాలువ మరమ్మతుల గురించి ఒక సమావేశం జరిగింది. పూడికతో నిండిపోయిన మా పిల్లకాలువ ప్రస్తావన వచ్చినప్పుడు వేదిక మీదున్న అధికారి ఒకరు, "పదిమందిలో పాము చావదంటారు కదా, ఉమ్మడి ఆస్తి సంగతీ అంతే. దాన్ని సర్కారైనా చూసుకోవాలి, లేదా ఎవరో ఒకరికి అప్పగించెయ్యాలి" అన్నారు. ఎదురుగా కూర్చున్న రైతులు తలలూపారు. ఆయన మాట కంటే ఆ తలలు ఊగడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఒకప్పుడు ఏ అధికారీ పక్కన లేకుండా, అర్ధరాత్రి పూట టార్చిలైట్లు పట్టుకుని, వంతులు వేసుకుని నీళ్లు పంచుకున్నవాళ్లే. తాము చేసి చూపించిన పనినే తమవల్ల కాదని ఒప్పుకుంటున్నారు.

ఆ మాట నిజమో కాదో తేల్చడానికి జీవితమంతా వెచ్చించిన మనిషి ఎలినార్ ఆస్ట్రోమ్. 2009లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు మన పత్రికలు ఆమెను ఆర్థికవేత్త అని రాశాయి. అర్థశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ కాబట్టి అలా రాయడం సహజమే. కానీ ఆమె చదివింది, పాఠం చెప్పింది రాజనీతి శాస్త్రం. అమెరికా రాజనీతి శాస్త్ర సంఘానికి 1996-97లో అధ్యక్షురాలు. ఈ తేడాను నేను పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఆమెను ఆర్థికవేత్తగా చదివినవాళ్లకు "ప్రజలు కలిసి పనిచేస్తే వనరులు నిలుస్తాయి" అన్న తియ్యటి మాట ఒక్కటే మిగులుతోంది. ఆమె అడిగిన అసలు ప్రశ్న అధికారం గురించి: నియమం ఎవరు పెడతారు, ఎవరు మార్చగలరు, తప్పినవాణ్ణి ఎవరు నిలదీస్తారు. ఆ ప్రశ్నను పక్కన పెట్టేసి ఆమె పేరు చెప్పుకుంటే జరిగేది రైతు నెత్తిన మరో బరువు పెట్టడమే. మన నీటి సంఘాల విషయంలో అదే జరిగిందని నా అభిప్రాయం.

ఉప్పునీళ్ల అంచున

ఆస్ట్రోమ్ 1933లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. ఆర్థిక మాంద్యపు రోజులు. తల్లిదండ్రులు విడిపోయారు, తల్లి దగ్గర పెరిగారు. పెరటి కూరగాయలతో ఇల్లు గడిచిన బాల్యం. బడిలో నత్తి ఉండేది. దాన్ని వదిలించుకోవడానికి వక్తృత్వ పోటీల జట్టులో చేరారు. ఒకే విషయం మీద అటూ ఇటూ రెండు పక్కలా వాదించడం అక్కడ అలవాటైంది. ఆమె పుస్తకాలు చదువుతుంటే ఆ అలవాటు కనిపిస్తూనే ఉంటుంది.

ఆడపిల్లకు త్రికోణమితి ఎందుకని బడిలో ఆమెను ఆ వైపు వెళ్లనివ్వలేదు. అదే తర్వాత అడ్డుగోడ అయింది. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి వెళితే టైపింగ్, షార్ట్‌హ్యాండ్ వచ్చా అని అడిగారు. అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తానంటే గణితం చాలదన్నారు. అలా రాజనీతి శాస్త్రంలోకి వచ్చారు. అక్కడా ఆడవాళ్లకు సీట్లు, ఆర్థిక సహాయం ఇవ్వడం మీద అధ్యాపకుల మధ్య గట్టి వాదన నడిచింది. ఆమెను లోపలికి రానివ్వని అర్థశాస్త్రమే దాదాపు యాభై ఏళ్ల తర్వాత పిలిచి పెద్దపీట వేసింది. చదివిన ప్రతిసారీ ఈ సంగతి నాకు సంతోషం కంటే కోపమే తెప్పిస్తుంది. అలా గుమ్మం దగ్గరే ఆగిపోయిన మిగతా ఆడపిల్లల గురించి మనకు ఏమీ తెలియదు కదా.

పరిశోధనకు ఆమె వాటాగా వచ్చింది లాస్ ఏంజెలెస్ పక్కన సముద్రపు ఒడ్డునున్న వెస్ట్ బేసిన్ భూగర్భ జలాలు. పట్టణాలు, కంపెనీలు, నీటి సరఫరా సంస్థలు ఎవరికి వారే బావుల్లోంచి తోడుకుంటున్నాయి. నీటిమట్టం సముద్రమట్టం కంటే కిందికి పోయింది. ఒడ్డు వైపు నుంచి ఉప్పునీరు లోపలికి రావడం మొదలైంది. ఎవరు తగ్గించుకున్నా ఆ మిగిలిన నీళ్లు పక్కవాడు తోడేస్తాడు. మరి ఎవరు తగ్గించుకుంటారు?

ఆమె చేసిన పని వాళ్ల సమావేశాలకు వెళ్లి కూర్చోవడం, పాత తీర్మానాల పుస్తకాలు తిరగేయడం, మనుషులతో మాట్లాడటం. చూసింది ఇది: తోడుకునేవాళ్లు ముందు ఒక సంఘంగా ఏర్పడ్డారు. కోర్టుకు వెళ్లారు, కానీ తీర్పు కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎవరెంత తోడుతున్నారో తేల్చే సమాచారం అందరికీ ఒకటే ఉండేలా చూసుకున్నారు. తలా కొంత తగ్గించుకోవడానికి రాజీ కుదుర్చుకుని, దానికి కోర్టు ముద్ర వేయించుకున్నారు. ఆ తర్వాత నీటి జిల్లాలను ఏర్పాటు చేసుకుని, తోడే నీటి మీద పన్ను వేసుకుని, ఒడ్డు పొడవునా బావుల్లోకి మంచినీళ్లు ఎక్కించి ఉప్పునీటికి అడ్డుకట్ట వేశారు. 1965లో ఆమె డాక్టరేట్ దీని మీదే.

ఈ కథ చదువుతుంటే అనంతపురం వైపు మా బంధువుల చేలు గుర్తొస్తాయి. అన్న బోరు వేస్తే తమ్ముడు ఇంకో వంద అడుగులు లోతుకు వేస్తాడు. అన్నది ఎండుతుంది. అన్న అప్పుచేసి మళ్లీ వేస్తాడు. ఒకే చేలో నాలుగైదు ఎండిన బోరు గొట్టాలు బయటికి పొడుచుకుని ఉంటాయి. వాటిలో పిల్లలు పడకుండా రాళ్లు కప్పి ఉంచుతారు. మనకూ చట్టం ఉంది. నీరు, నేల, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలంటుంది, అనుమతి కావాలంటుంది. ఆ దూరాన్ని కొలవడానికి వచ్చిన మనిషిని మా వాళ్లెవరూ చూడలేదు. ఆ చట్టం రాసినప్పుడు వాళ్లను అడిగినవాళ్లూ లేరు.

దీనికి పూర్తిగా ఎదురు నడిచిన ప్రయత్నం ఒకటి మన దగ్గరే జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల మట్టం కొలిచారు, లెక్కలు గోడ మీద రాసుకున్నారు. ఈ ఏడు నేలలో ఎన్ని నీళ్లున్నాయి, వేయబోయే పంటలకు ఎన్ని కావాలి అని ఊరంతా కూర్చుని లెక్క కట్టేవారు. ఇంత వరే వెయ్యాలని ఆజ్ఞ ఏమీ లేదు. లెక్క మాత్రం అందరి కళ్లముందూ ఉండేది. వెస్ట్ బేసిన్‌లో మొదటి అడుగు కూడా అదే. ప్రాజెక్టు 2010 ప్రాంతంలో ముగిసింది. అలాంటి ప్రయత్నాలు ప్రాజెక్టు గడువుతో పాటు ముగిసిపోవలసిన అవసరం ఏమిటి అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

టోర్బెల్ ఆవులు, అలాన్యా పడవలు

ఉమ్మడి పచ్చిక బయలు కథ అందరికీ తెలిసిందే. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త రాసింది: ప్రతివాడూ ఇంకో ఆవును తోలతాడు, చివరికి పచ్చికే మిగలదు. మా ఊరి వేదిక మీది అధికారి మాటకు మూలం అదే, ఆయన హార్డిన్‌ను చదివినా చదవకపోయినా. ఆస్ట్రోమ్ దానికి సిద్ధాంతంతో జవాబు చెప్పలేదు. ఎవరెవరో ఎక్కడెక్కడో రాసిపెట్టిన ఊళ్ల కథలన్నీ కుప్పపోసి చదివారు. మానవశాస్త్రవేత్తలు, చరిత్రకారులు, ఇంజినీర్లు ఒకరి రాతలు ఒకరు చదవకుండా పోగేసిన సమాచారం అది. 1990లో వచ్చిన ఆమె ముఖ్యమైన పుస్తకం అందులోంచే పుట్టింది.

స్విట్జర్లాండ్ కొండల్లో టోర్బెల్ అనే ఊరుంది. చలికాలమంతా మేపగలిగినన్ని ఆవులనే ఎండాకాలం ఉమ్మడి కొండమేతకు తోలాలి అని 1517లో అక్కడ నియమం రాసుకున్నారు. ఎంత తేలికైన కొలతో చూడండి. ఎవరి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయో ఊరంతటికీ కనబడుతుంది. కొత్తగా లెక్కపెట్టడానికి ఎవరినీ పెట్టక్కర్లేదు.

టర్కీలోని అలాన్యా తీరంలో జాలరులు వల వేసే చోట్ల కోసం కొట్టుకునేవాళ్లు. ఆ చోట్లన్నిటికీ పేర్లు పెట్టి జాబితా రాసుకున్నారు. ఏటా సెప్టెంబరులో చీటీలు తీసి ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకుంటారు. అక్కడి నుంచి జనవరి దాకా రోజుకో చోటు తూర్పుకు జరుగుతారు, తర్వాత పడమరకు. ఎవడైనా తనది కాని చోట దిగితే ఆ రోజు ఆ చోటు ఎవరిదో వాడే అడ్డుకుంటాడు. కాపలా ఖర్చు లేదు, ఎందుకంటే హక్కున్నవాడు తెల్లవారేసరికి అక్కడే ఉంటాడు. స్పెయిన్‌లోని వలెన్సియాలో అయితే ప్రతి గురువారం ప్రధాన చర్చి గుమ్మం ముందు నీటి పంచాయతీ కూర్చుంటుంది. రైతులు ఎన్నుకున్నవాళ్లే తీర్పు చెబుతారు, నోటిమాటగా, అక్కడికక్కడే.

వీటన్నిటి నుంచి ఆమె తీసిన 8 సూత్రాలను అభివృద్ధి సంస్థలవాళ్లు ఇప్పుడు కంఠస్థం చెబుతారు. సరిహద్దు తెలియాలి, కాపలా ఉండాలి, శిక్ష చిన్నగా మొదలై పెరగాలి, ఇలా. నాకు వాటిలో రెండే ముఖ్యం, మిగతావన్నీ వాటి నీడలే అనిపిస్తుంది. నియమం ఎవరిని కట్టేస్తుందో వాళ్లకు దాన్ని మార్చే చోటు ఉండాలి. వాళ్లు పెట్టుకున్న నియమాన్ని పైనున్న సర్కారు కొట్టిపారేయకూడదు. ఈ రెండూ డబ్బుకు సంబంధించినవి కావు. ఇది పచ్చి రాజకీయం.

ఆ పుస్తకంలో మా ప్రాంతం కూడా ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1980 ప్రాంతాల్లో కర్నూలు జిల్లా కాలువ కింది ఊళ్లు తిరిగి 1988లో ఒక పుస్తకం రాశారు. ఆస్ట్రోమ్ దాన్ని వాడుకున్నారు. కొత్తపల్లె అని మారుపేరు పెట్టిన ఊరు ఒకటి అందులో నడుమ ఉంటుంది. ఆ ఊరికి పంచాయతీ బోర్డుతో సంబంధం లేని సొంత పెద్దల సభ ఉంది, సొంత నిధి ఉంది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును గొర్రెల కాపరులకు అమ్మి ఆ నిధి కూడబెట్టేవారు. దాంతో పంట కాపలాదార్లకు జీతాలిచ్చేవారు. కాలువ నీళ్లొచ్చే కాలంలో అందరి చేలకూ నీళ్లు పెట్టడానికి ఉమ్మడిగా మనుషులను పెట్టుకునేవారు.

వేడ్ గమనించిన ముఖ్య విషయం ఒకటుంది. అన్ని ఊళ్లూ ఇలా లేవు. కాలువ మొదట్లో, నీళ్లు పుష్కలంగా ఉన్న ఊళ్లలో ఈ కట్టుబాటు కనబడలేదు. చివరి ఊళ్లలోనే బలంగా ఉంది. నీళ్లు అందవేమోనన్న భయం ఉన్నచోటే మనుషులు కూర్చుని మాట్లాడుకున్నారు. మంచితనం ఊరిని బట్టి మారదు కదా. వాళ్లను కలిపింది అవసరం, ఆ అవసరానికి తగ్గట్టు నియమం పెట్టుకునే వీలు.

ఇంకో సంగతి కూడా వేడ్ దాచకుండా రాశారు. ఆ ఊరి నిధిలో కొంత భాగం నీటిపారుదల సిబ్బందికి ముట్టజెప్పడానికి పోయేది. ఊరు తనలో తాను ఎంత బాగా సర్దుకున్నా, పైనుంచి నీళ్లు వదిలేవాడి మీద దానికి ఏ అధికారమూ లేదు. ఉన్నది కొనుక్కోవడం ఒక్కటే. అందుకే ఆ కథను గ్రామ స్వరాజ్యపు విజయగాథలా చెప్పడం నాకిష్టం లేదు.

సంఘం ఇచ్చారు, తాళం ఇవ్వలేదు

1997లో ఉమ్మడి రాష్ట్రంలో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకిచ్చే చట్టం వచ్చింది. ఆ ఏడాదే ఒక్క ఊపున పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. ప్రపంచబ్యాంకు మెచ్చుకుంది. ఇతర రాష్ట్రాలు చూసి నేర్చుకున్నాయి. అప్పట్లో చాలామంది నిజాయితీగా ఆశపడ్డారు, మా పెదనాన్న కూడా. ఆయన మా సంఘంలో ఒక దఫా సభ్యుడిగా ఉన్నారు.

ఆ రోజుల గురించి ఈమధ్య అడిగాను.

"మొదటి రెండేళ్లు బాగుందిరా. కాలువ గట్లు బాగుచేసుకున్నాం. చివరి పొలాలకు నీళ్లు పోయాయి కూడా. ఆ తర్వాత మా పనల్లా బిల్లుల మీద సంతకాలే."

"వంతులు మీరు నిర్ణయించలేదా పెదనాన్నా?"

"వంతులా? వారబందీ కాగితం ఆఫీసు నుంచి వచ్చేది. షట్టరు తాళం ఆఫీసు మనిషి, లస్కరు దగ్గర ఉండేది. నీటి తీరువా రెవెన్యూవాళ్లు వసూలు చేసేవాళ్లు, అందులో మా వాటా ఎప్పుడొస్తుందో మాకే తెలియదు. సంఘం ఇచ్చారు గానీ తాళం ఇవ్వలేదు."

ఆయన ఆస్ట్రోమ్‌ను చదవలేదు. కానీ ఆ ఒక్క మాటలో ఆమె పుస్తకం సారమంతా ఉంది. పదివేల సంఘాలకూ ఒకటే నిబంధనావళి. చెరువు కింద ముప్పై మంది రైతులున్న చోటా అదే, వేల ఎకరాల కాలువ కిందా అదే. ఎన్ని ఏళ్లకు ఎన్నిక, ఎన్ని ఉపసంఘాలు, ఏ ఫారంలో లెక్క అన్నీ పైనుంచే. తమ నీళ్లు ఎలా పంచుకోవాలో కొత్తగా ఆలోచించే అవకాశం ఒక్కదానికీ లేదు. మధ్యలో ఏళ్ల తరబడి ఎన్నికలే ఆగిపోయాయి, నామినేషన్ మీద కమిటీలు నడిచాయి. అప్పుడు కూడా రైతుల నుంచి పెద్ద గొడవ రాలేదంటే, పోయింది తమదని వాళ్లకు ఎప్పుడూ అనిపించలేదన్నమాట.

ఇక్కడ నాకొక సందేహం ఉంది. ఆస్ట్రోమ్ రాతలను పట్టుకుని, "ప్రజలే చూసుకోగలరు" అంటూ సర్కారు తన బాధ్యత వదిలించుకోవడానికి వీలుంది. చాలా దేశాల్లో అలాగే వాడుకున్నారు. ఆ తప్పు ఆమెదా? కొంత ఆమెదే అనుకునేవాడిని. సర్కారు అంటే ఆమెకు ముందునుంచే అనుమానం ఉందనిపించేది. కానీ ఆమె 1970లలో చేసిన పోలీసు అధ్యయనాలు చూశాక ఆ అభిప్రాయం కొంత సడలింది. అప్పటి పెద్దలందరి మాటా ఒకటే: చిన్న చిన్న పోలీసు శాఖలను కలిపేసి పెద్దది చెయ్యాలి. ఆమె, ఆమె విద్యార్థులు ఇండియానాపోలిస్‌తో మొదలుపెట్టి పోలీసు బండ్లలో తిరిగారు, ఇంటింటికీ వెళ్లి అడిగారు. గస్తీ, పిలిస్తే రావడం వంటి పనుల్లో చిన్న శాఖలే మెరుగని తేలింది. నేరపరిశోధన ప్రయోగశాల వంటివి మాత్రం పెద్ద స్థాయిలోనే బాగుంటాయని కూడా తేలింది. రెండూ రాశారు. ఏ పని ఏ స్థాయిలో జరగాలో పనిని బట్టి చూడమన్నారు తప్ప సర్కారు వద్దనలేదు. మా కాలువకైనా జలాశయం, ప్రధాన కాలువ సర్కారు చూడాల్సిందే. పిల్లకాలువ మీది వంతు మాత్రం ఊరిది కావాలి.

సిమెంటు కట్టాక

ఆస్ట్రోమ్ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది నేపాల్ అధ్యయనం. అక్కడ రైతులు సొంతంగా నడుపుకునే కాలువలను, ప్రభుత్వ శాఖ నడిపే కాలువలను పక్కపక్కన పెట్టి చూశారు. రైతుల ఆనకట్టలు రాళ్లు, కట్టెలు, మట్టితో కట్టినవి. ఏటా వరదకు కొట్టుకుపోతాయి. ప్రభుత్వంవి శాశ్వతమైన కాంక్రీటు కట్టడాలు. అయినా చివరి పొలాలకు నీళ్లు అందించడంలో రైతుల కాలువలే ముందున్నాయి.

కారణం ఆలోచిస్తే గుండె ఝల్లుమంటుంది. ఏటా కొట్టుకుపోయే ఆనకట్టను మళ్లీ కట్టాలంటే ఎగువ రైతులకు దిగువ రైతుల రెక్కలు కావాలి. రెక్కలు కావాలంటే నీళ్లివ్వాలి. దిగువవాడి చేతిలో ఉన్న బలం అదొక్కటే. ఎవరో దాత వచ్చి కాంక్రీటుతో కట్టిపెట్టగానే ఎగువవాడికి దిగువవాడితో పని తీరిపోయింది. మంచి మనసుతో ఇచ్చిన సిమెంటు బలహీనుడి చేతిలోని బేరాన్ని లాగేసుకుంది.

ఇది చదివాక మా ఊరి పూడికతీత నాకు వేరుగా కనిపించింది. నా చిన్నప్పుడు కాలువకు నీళ్లు వదిలే ముందు దండోరా వేసేవారు. ఎకరాల లెక్కన ఇంటికి ఇంతమంది పారలు పట్టుకుని రావాలి. రానివాడు కూలి డబ్బు కట్టాలి. తూము దగ్గర మొదలుపెట్టి చివరి మడి దాకా వరసగా తవ్వుకుంటూ పోయేవాళ్లు. మధ్యాహ్నం గట్టు మీద చద్దిమూటలు విప్పినప్పుడే ఆ ఏటి వంతుల సంగతి తేలిపోయేది, అరుపుల మధ్య. ఇప్పుడు పొక్లెయిన్ వస్తుంది, కాంట్రాక్టరు వస్తాడు, రెండు రోజుల్లో పని అయిపోతుంది. పని బాగానే అవుతుంది, అది ఒప్పుకోవాలి. ఎండలో నడుములు విరగ్గొట్టుకునే బాధ తప్పింది. కానీ ఎగువవాడు దిగువవాడి మొహం చూడాల్సిన రోజు కూడా క్యాలెండరులోంచి పోయింది.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల్ని లెక్కలోకి తీసుకుంది. పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో చేలకు తోలుకున్నారు. ఎన్నో చెరువుల్లో నీళ్లు నిలిచాయి. అది చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ కట్ట బాగుపడ్డాక ఆ చెరువు ఎవరి అజమాయిషీలో ఉండాలి, తూము ఎవరు ఎత్తాలి, అలుగు పారిన ఏడు ఎలా, పారని ఏడు ఎలా అన్న మాట ఆ పథకంలో ఎంత తక్కువో చూస్తే నేపాల్ గుర్తొస్తుంది. మళ్లీ పూడిక చేరేసరికి మళ్లీ ఒక పథకం కోసం ఎదురు చూడటమేనా?

ఊరు అంటే ఎవరు

ఇంతవరకూ రాసింది చదివి కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తారని తెలుసు. వాళ్లు లేవనెత్తే అభ్యంతరం చాలా బలమైనది. "పాత కట్టుబాట్లు" అని మురిసిపోయే ముందు ఆ కట్టుబాట్లు ఎవరు పెట్టారో చూడాలి. కొత్తపల్లె పెద్దల సభలో ఉన్నది భూములున్న ఆసాములే. దళితవాడ నుంచి ఎవరూ అందులో కూర్చోలేదు. గొర్రెల మేత హక్కు అమ్మిన డబ్బుతో పంటలు కాపాడుకున్నది భూమి ఉన్నవాళ్లు. బీడులో మేక మేపుకునే నిరుపేదకు ఆ కాపలాదారు ఎదురైతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నీరటి సంగతి ఇంకా లోతైనది. తెలంగాణలో నీరటి అన్నా, రాయలసీమలో నీరుగంటి అన్నా, తూము ఎత్తి మడిమడికీ నీళ్లు పెట్టే మనిషి చాలా ఊళ్లలో దళితుడే. కోత తర్వాత కళ్లంలో గింజల రూపంలో అతనికి మేర ముట్టేది. ఆ పనికి భూమి లేనివాణ్ణి పెట్టడంలో ఒక తెలివుంది: అతనికి సొంత చేను లేదు కాబట్టి పక్షపాతం ఉండదు. ఆ తెలివికి పునాది మాత్రం అన్యాయం. ఊరందరికీ నీళ్లు పంచినవాడికి ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు. ఏ మడికి ఎన్ని గంటలు పారితే చాలో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. నియమం పెట్టేచోట మాత్రం అతను చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆస్ట్రోమ్ దీనికి ఏం జవాబు చెబుతారు? నేను వెతికాను. నియమం కట్టేసేవాళ్లందరికీ దాన్ని మార్చే వీలుండాలి అన్న సూత్రాన్ని చివరిదాకా లాగితే కులం నిలబడదు. కానీ ఆమె దాన్ని అంతదాకా లాగలేదు. ఆమె లెక్క వనరు నిలిచిందా లేదా అన్నదాని చుట్టూ తిరిగింది. శతాబ్దాలు నిలిచిన వ్యవస్థ న్యాయమైనదేనా అన్న ప్రశ్న ఆమె పుస్తకంలో అంచున ఉంటుంది, మధ్యకు రాదు. అక్కడే మనం ఆమెను దాటి వెళ్లాలి. మన ఊళ్లు సంకుచితత్వానికి నెలవులని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చేసిన హెచ్చరికను పక్కన పెట్టుకోకుండా ఆస్ట్రోమ్‌ను తెలుగునేల మీద చదవడం ప్రమాదం.

ఇంకా ఈ కాలపు చిక్కు వేరే ఉంది. ఇప్పుడు మా కాలువ కింద సగం పొలాలు చేసేది కౌలు రైతులు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. రికార్డుల్లో పేరు లేదు కాబట్టి నీటి సంఘంలో ఓటు లేదు. ఓటున్న పట్టాదారు కర్నూలులోనో హైదరాబాదులోనో ఉంటాడు, అతనికి నీళ్ల గోడు పట్టదు. రాత్రి గట్టు మీద కాపలా ఉండేవాడికి సంఘం పట్టదు, ఎందుకంటే అది అతనిది కాదు. నియమం కట్టేసేది ఒకరిని, పెట్టేది మరొకరు. 1997 చట్టంలో నేను మార్చాలనుకునే మొదటి వాక్యం ఇదే.

స్థాయి గురించిన ప్రశ్న కూడా ఉంది. ముప్పై కుటుంబాల చెరువుకు సరిపోయేది కృష్ణా నదికి సరిపోతుందా? 2014 విభజన చట్టం కింద నదీ యాజమాన్య బోర్డు ఏర్పడినా రెండు రాష్ట్రాల మధ్య తగవు తెగలేదు. ప్రభుత్వాలు గట్టు మీద చద్దిమూట విప్పి మాట్లాడుకోవు. ఒకదాని మీద ఒకటి అల్లుకున్న పలు స్థాయుల పాలన అని ఆస్ట్రోమ్, ఆమె భర్త విన్సెంట్ చెప్పిన జవాబు నన్ను సగమే ఒప్పించింది. అన్ని రోగాలకూ ఒకే మందు ఉండదని 2007లో ఆమే ఒక వ్యాసంలో గట్టిగా వాదించారు. ఆ నిజాయితీకి దండం పెడతాను.

2012 జూన్‌లో ఆమె క్యాన్సర్‌తో పోయారు. పదిహేడు రోజులకు విన్సెంట్ కూడా. అమెరికాలోని బ్లూమింగ్టన్‌లో 1973లో ఆ ఇద్దరూ మొదలుపెట్టిన అధ్యయన కేంద్రానికి కార్ఖానా అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. ఒక వడ్రంగి దగ్గర ఇద్దరూ కొయ్యపని నేర్చుకుని, ఇంటి సామాను సొంతంగా చేసుకున్న మనుషులు. నోబెల్ డబ్బు కూడా ఆ కేంద్రానికే ఇచ్చేశారు. అంతకు ఏడాది ముందు, 2011 జనవరిలో, ఆమె తొలి అధ్యక్షురాలిగా పనిచేసిన ఉమ్మడి వనరుల అధ్యయన సంఘం తన అంతర్జాతీయ సమావేశాలను హైదరాబాదులోనే జరిపింది. ఆ వారంలో మన నీటి సంఘాల అధ్యక్షుల్లో ఎందరికి కబురు అందిందో నాకు ఇప్పుడు తెలుసుకోవాలని ఉంది.

ఇదంతా పెదనాన్నకు నాకు చేతనైనట్టు చెప్పాను. చివర్లో అడిగాను: "సరే, రేపు తాళం మీకే ఇచ్చారనుకుందాం. ఎవరి దగ్గర పెడతారు?" ఆయన వెంటనే, చివరి ఆయకట్టు రైతు దగ్గర పెట్టాలన్నారు. తన చేను పారాలంటే వాడు పైనున్న అందరి చేలూ దాటించి నీళ్లు తెచ్చుకోవాలి కాబట్టి కాలువ మొత్తం చూసుకుంటాడని ఆయన లెక్క. పక్కనే కూర్చున్న మనిషి ఒప్పుకోలేదు. ఆయన మా కాలువ కింద రెండెకరాలు కౌలుకు చేస్తాడు. "చివరివాడు మాత్రం దేవుడా పెద్దయ్యా? వాడి చేను తడిశాక షట్టరు దించేస్తే నడిమి మడుల గతేమిటి? భూమి లేనివాడికివ్వండి, జీతమివ్వండి, సభలో కుర్చీ కూడా ఇవ్వండి." జీతం ఎక్కడి నుంచి తేవాలన్నారు పెదనాన్న. తీరువా వాటా రాబట్టండి అన్నాడాయన. కౌలువాళ్లు కూడా తలా ఇంత వేసుకుంటారా అని పెదనాన్న. సంఘంలో మా పేర్లు రాస్తే వేసుకుంటాం అని ఆయన. నేను లేచి వచ్చేసరికి ఎకరాకు ఎంతన్న దగ్గర ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు.